కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో బంగారం అయిపోయిందా, మూసేశారా?

గుడుపల్లె_మనవడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా చదువుతున్నానే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మాది చిత్తూరు జిల్లా గుడుపల్లె పక్కన ఒక చిన్న పల్లె. ఉద్యోగం హైదరాబాదులో. పోయిన నెల ఊళ్ళో పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద రేకుపెట్టెలో ఒక ఇత్తడి బిళ్ళ దొరికింది. పాత రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, పైన బెజ్జం, మధ్యలో నాలుగంకెల నంబరు. అమ్మ చూసి "మీ తాతది, గనిలో పని చేసినప్పటిది" అంది. తాత కేజీఎఫ్‌లో, అదే కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, అండర్‌గ్రౌండ్‌లో పని చేశాడని తెలుసు. అంతకు మించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నిన్న ఆ బిళ్ళ జేబులో వేసుకుని బంగారుపేటలో రైలు మారి మారికుప్పం దాకా పోయొచ్చాను. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. దిగగానే కనబడింది ఊరు కాదు, దిబ్బలు. దూరం నుంచి చూసి కొండలే అనుకున్నా. దగ్గరికి పోతే బూడిద రంగు మట్టి, వాన కోసిన గాడులు, చెట్టూ చేమా దాదాపు లేవు. చేత్తో తీస్తే గోధుమపిండి కన్నా మెత్తగా ఉంది, వేళ్ళ గీతల్లోకి దూరిపోయింది.

టీ కొట్టు దగ్గర ఇద్దరు పెద్దాయన్లు కూర్చున్నారు. ఒకాయన "బంగారం ఇంకా అడుగున అట్లే ఉంది, కావాలనే మూసేసినారు" అన్నాడు. పక్కాయన "ఏముందప్పా అక్కడ, రాయి తప్ప" అన్నాడు. ఇద్దరూ తెలుగులో మొదలుపెట్టి అరవంలో కొట్లాడుకుని కన్నడంలో సర్దుకున్నారు.

ఎవరిది నిజం? అసలు అంత పెద్ద ఊరు ఎట్లా పుట్టింది, ఎట్లా పోయింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

సినిమా_సుబ్బడు | ఆదివారం, రాత్రి 9:20

అన్నా, కేజీఎఫ్ సినిమాలో హీరో ఒక్కడే సుత్తి పట్టుకుని అందరినీ కొట్టేశాడు కదా, అప్పుడే మూతపడింది 😀

---

చరిత్ర_చీమ | ఆదివారం, రాత్రి 10:47

సుబ్బడూ, ఈ ఒక్క దారంలో సినిమా వద్దు నాయనా.

మనవడు గారూ, మొదలు చెబుతాను, చివర చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు రాజ్యం సరిహద్దులు కొలవడానికి వచ్చినవాళ్ళలో జాన్ వారెన్ అనే లెఫ్టినెంట్ ఒకడు. 1802లో ఆ చుట్టుపక్కల బంగారం దొరుకుతుందని జనం అనుకోవడం విని, చూపించినవాళ్ళకి బహుమతి ఇస్తానని చాటించాడు. ఊరిగాం వాళ్ళు బండ్లలో మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగి, అడుగున మిగిలిన పసుపు రేణువులు చూపించారు. అంటే తెల్లవాడు "కనిపెట్టింది" మనవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పనిని. అక్కడ వంద అడుగులకు పైగా లోతున్న పాత తవ్వకాలు కూడా బయటపడ్డాయి. ఇనప మేకులూ, మంటపెట్టి రాయి పగలగొట్టడమూ తప్ప ఏమీ లేని రోజుల్లో ఆ లోతుకి దిగారు. వాళ్ళ పేర్లు ఏ రోడ్డుకీ లేవు.

రోడ్డు పేరు దక్కింది మైకేల్ లావెల్‌కి. ఐర్లండు మనిషి, న్యూజిలాండ్‌లో మావోరీలతో జరిగిన యుద్ధంలో పనిచేసి, రిటైరై బెంగుళూరు కంటోన్మెంట్‌లో కాపురం పెట్టాడు. న్యూజిలాండ్‌లో బంగారు వేట చూసి ఉన్నాడు కాబట్టి వారెన్ రాసిన పాత వ్యాసం కంటపడగానే ఎద్దుబండి కట్టించుకుని కోలారు బయల్దేరాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. బొగ్గు వెతుక్కో, బంగారం ఎందుకు అన్నారట అధికారులు. పట్టు వదలకుండా 1875లో లైసెన్సు తెచ్చుకుని ఊరిగాం దగ్గర బావి తవ్వించాడు. రెండేళ్ళకే డబ్బులైపోయాయి. హక్కులు కొందరు సైనికాధికారుల సిండికేటుకి అమ్మేశాడు. ఆ సొమ్ముతో బెంగుళూరులో కట్టుకున్న ఇంటికి ఊర్గాం హౌస్ అని పేరు పెట్టుకున్నాడు. ఇవాళ్టి లావెల్ రోడ్డు అదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నీలగిరి వయనాడులో, దేవాల, పందలూరు వైపు, బంగారం పిచ్చి లేచింది. 1880 ప్రాంతంలో లండన్‌లో ముప్పైకి పైగా కంపెనీలు ఆ పేరు చెప్పి షేర్లు అమ్మాయి. కాఫీ తోటలు కొని గనులన్నారు. రెండు మూడేళ్ళలో బుడగ పేలింది. మిషన్లు అడవిలో తుప్పు పట్టాయి. అదే వరసలో 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ సంస్థ కోలారులో అడుగుపెట్టింది. మైసూరు గని కంపెనీ కూడా చేతులెత్తేసే దాకా వచ్చింది. పెట్టుబడి అడుగంటిన దశలో ప్లమ్మర్ అనే గని కెప్టెన్ పాత తవ్వకాల కిందికి ఇంకాస్త దించితే అసలు చాళ్ళు తగిలింది. దానికే ఛాంపియన్ లోడ్ అని పేరు. ఆ ఒక్క బావి మరో వంద అడుగుల ముందే ఆపేసి ఉంటే మీ తాత గుడుపల్లెలో చెనక్కాయలు పండించుకుంటూ ఉండేవాడు.

---

లెక్కల_పంతులు | ఆదివారం, రాత్రి 11:30

చీమ గారు బాగా చెప్పారు. చిన్న సవరణ: "చాళ్ళు" కాదు, "చాలు". పలుగురాయి చాలు. మా బొగ్గువాళ్ళకి పొర అంటే ఎట్లాగో బంగారం వాళ్ళకి చాలు అట్లాగ. సగటున మూడడుగుల మందం కూడా కష్టమే, కానీ పొడవు 8 కిలోమీటర్లు, లోతుకి పోయినకొద్దీ పోతూనే ఉంది. నేను సింగరేణిలో రిటైర్ అయ్యాను, ట్రైనింగులో భాగంగా కేజీఎఫ్ ఒకసారి దిగాను. రేపు వివరంగా రాస్తా, మందులేసుకుని పడుకునే టైమ్ అయింది.

---

చరిత్ర_చీమ | ఆదివారం, రాత్రి 11:34

చాలు. ఒప్పుకున్నాను పంతులుగారూ.

---

రాబర్ట్‌సన్‌పేట_72 | సోమవారం, ఉదయం 6:05

తమ్ముడూ, నువ్వు చూసింది సైనైడ్ దిబ్బలు. నేను అక్కడే పుట్టినా, అక్కడే పెరిగినా. అమ్మది ముళబాగిలు తెలుగు, నాన్న వాళ్ళది ఉత్తరార్కాడు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. నా తెలుగులో తప్పులుంటే ఆ నాలుగింటికీ పంచు.

రాయిని పొడి చేసి, పాదరసంతో కొంత, 1890ల తర్వాత సైనైడ్ నీళ్ళతో మిగతాది, బంగారం లాగేసినాక మిగిలిన పిండే ఆ దిబ్బలు. నూరేళ్ళ పిండి. ఎండాకాలం గాలి లేచిందంటే పళ్ళెంలో అన్నం మీద పడతాది. మా అమ్మ కుండ మీద తడిబట్ట కట్టేది. పిల్లకాయలం దాని మీద అట్టముక్క వేసుకుని జారేవాళ్ళం, సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లగా అయ్యేవి.

మేముండింది లైన్లలో. మొదట్లో వెదురు తడికెల ఇళ్ళు, వరసగా, ఒక ఇంట్లో దగ్గితే నాలుగిళ్ళకి వినబడేది. మా కాలానికి కొన్ని పక్కా అయినాయి. అవతల దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. కార్నిష్ వాళ్ళు ఎక్కువ, వాళ్ళ దేశంలో తగరం గనులు పడుకున్నాయని ఇక్కడికొచ్చినారు. చిన్న ఇంగ్లండు అనేవాళ్ళు. మాకు అది ముళ్ళకంచెకి అవతలి దేశం.

మా లైన్లలో సైరన్‌ని సంగు అంటాం, అరవం మాట. సంగు కూస్తే షిఫ్టు. గడియారం ఎవరికుంది? అన్నం వండేది, బడికి పంపేది, మొగుడి కోసం వీధిలోకొచ్చి నిలబడేది, అన్నీ సంగు ప్రకారమే.

ఇంకొకటి. కొన్ని రాత్రులు సంగు కూయకుండానే ఊరు లేచేది. భూమి ఒక్కసారి అదిరేది, గోడకి తగిలించిన గిన్నెలు గలగలమనేవి. కింద రాయి తనకు తానే పగిలేది. ముసలోళ్ళు ఎయిర్ బ్లాస్ట్ అంటారు. ఆడోళ్ళంతా అట్లే, జుట్టు ముడి కూడా వేసుకోకుండా, షాఫ్టు (గనిలోకి దిగే బావి) గేటు దగ్గరికి నడిచేవాళ్ళు. పరుగెత్తరు. ఎవరూ మాట్లాడరు. తెల్లారేదాకా నిలబడతారు. మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ పోయినాను, అయిదేళ్ళుంటాయేమో. నాన్న వచ్చినాడు. పక్కింటాయన రాలేదు.

---

గుడుపల్లె_మనవడు | సోమవారం, ఉదయం 8:31

అన్నా, చదివి ఆఫీసు బస్సులో కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

మా తాతకి దగ్గు ఉండేదని అమ్మ చెప్పేది. బీడీల వల్ల అనుకునేవాళ్ళమంట. తాత బీడీ తాగడం చూశావా అని అడిగితే ఎప్పుడూ చూడలేదంది.

---

రాబర్ట్‌సన్‌పేట_72 | సోమవారం, ఉదయం 8:50

బీడీ కాదు తమ్ముడూ. రాయిదుమ్ము. సిలికోసిస్ అంటారు. పొడి రాయిని డ్రిల్లు కొడితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకడతాది. నష్టపరిహారం చట్టమూ ఎక్స్‌రేలూ వచ్చేసరికి 1940లు. అంతకు ముందోళ్ళందరిదీ బీడీ దగ్గే, కాయితం మీద.

---

లెక్కల_పంతులు | సోమవారం, మధ్యాహ్నం 2:15

ఇక అసలు ప్రశ్న. టీ కొట్టు పెద్దాయన్లిద్దరూ కరెక్టే. ఎట్లాగో చెబుతా.

కేజీఎఫ్ మొత్తం చరిత్రలో దాదాపు 5 కోట్ల టన్నుల రాయి తీసి 800 టన్నులకు పైగా బంగారం తీశారు. సగటున టన్నుకి 16 గ్రాములు. కానీ సగటు మోసం చేస్తుంది. మొదట్లో టన్నుకి 45 గ్రాములు, అంతకు మించి కూడా వచ్చింది. చివరికి 3 గ్రాములకు దిగిపోయింది. ఉత్పత్తి శిఖరం ఎప్పుడో తెలుసా? 1905. అంటే నూరేళ్ళ జీవితంలో మొదటి పాతికేళ్ళలోనే పీక్ అయిపోయింది. మిగతాదంతా దిగుడే, చాలా నెమ్మదిగా, చాలా లోతుగా.

లోతు అంటే ఊరికే కాదు. ఛాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్లు. ఒకే లిఫ్టులో దిగరు. ఒక షాఫ్టులో దిగి, సొరంగంలో నడిచి, ఇంకో షాఫ్టెక్కి, మళ్ళీ దిగాలి. షిఫ్టులో సగం ప్రయాణానికే. అడుగున రాయి మీద చెయ్యి పెడితే కాలుతుంది, 65 డిగ్రీల పైన. చల్లగాలి యంత్రాలు పెట్టి కిందికి గాలి కొట్టేవాళ్ళు. నేను దిగింది అంత లోతుకి కాదు, అయినా పది నిమిషాల్లో చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. మా బొగ్గుబాయిలో నీళ్ళు, గ్యాసు భయం. అక్కడ వేడి, రాయి పగలడం. ఎవరి నరకం వాళ్ళది.

ఇప్పుడు లెక్క. 2001లో తులం కాదు, 10 గ్రాములు నాలుగువేల చిల్లర. టన్నుకి 3 గ్రాములంటే సుమారు 1,300 రూపాయల బంగారం. ఆ 1,300 కోసం ఒక టన్ను రాయిని అంత లోతులో పేల్చాలి, పైకి లాగాలి, పిండి చేయాలి, నీళ్ళు తోడాలి, గాలి కొట్టాలి, జీతాలివ్వాలి. ఎట్లా గిట్టుబాటవుతుంది?

కాబట్టి రెండో పెద్దాయన చెప్పింది నిజం: ఆ ధరకి తీయదగిన బంగారం అయిపోయింది. మొదటాయన చెప్పిందీ నిజమే: బంగారం ఉంది.

---

సందేహాలరావు | సోమవారం, మధ్యాహ్నం 3:02

పంతులుగారూ, మీరు మేనేజ్‌మెంటు లెక్క చెప్పారు. మరి ప్రభుత్వం ఏం చేసిందో చెప్పరే? 1956లో మైసూరు రాష్ట్రం గనుల్ని తీసుకుంది, 1962లో కేంద్రం తీసుకుంది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అని కంపెనీ పెట్టారు. చాలా ఏళ్ళపాటు ఇక్కడి బంగారాన్ని బజారు ధరకి అమ్ముకోనివ్వలేదు, అధికారిక అంతర్జాతీయ ధర కట్టి ఖజానాకి తీసుకున్నారు. బజార్లో దానికి ఎక్కువ రేటు. ఆ తేడా అంతా ఎవరి ఖాతాలో నష్టంగా కనబడింది? గనిది. తర్వాత "నష్టాల్లో ఉంది, మూసేద్దాం" అన్నారు. పిల్లాడికి అన్నం సగం పెట్టి, బక్కగా ఉన్నాడని బడి మాన్పించినట్టు.

---

లెక్కల_పంతులు | సోమవారం, మధ్యాహ్నం 3:20

ధర మాట ఒప్పుకుంటాను, అది అన్యాయమే. కానీ దాని వల్ల గ్రేడు, అంటే టన్ను రాయిలో ఉండే బంగారం, తగ్గలేదు కదా. కొత్త చోట అన్వేషణకి డబ్బు పెట్టలేదు అని అనండి, అది గట్టి వాదన. 1992లో ఖాయిలా కంపెనీగా బీఐఎఫ్ఆర్‌కి (ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బోర్డుకి) పోయేసరికి చేయి దాటిపోయింది.

ఇంకో మాట. బంగారం ధర ఇరవై ఏళ్ళలో అడుగంటిన సమయంలో, 2001 ఫిబ్రవరి 28న, ఆపేశారు. ఆ తర్వాత ధర ఎటు పోయిందో మీ ఆవిడని అడగండి.

---

సందేహాలరావు | సోమవారం, మధ్యాహ్నం 3:26

మా ఆవిడని అడిగితే రేటు చెప్పదు, షాపుకి పదమంటుంది. 10 గ్రాములు లక్ష దాటింది. మీ 3 గ్రాముల టన్ను ఇవాళ 30 వేల పైన. అందుకే అంటున్నా, తొందరపడ్డారని.

---

లెక్కల_పంతులు | సోమవారం, మధ్యాహ్నం 3:41

పంపులు ఆపాక గని అంటే నీళ్ళ బావి. ఇరవై ఏళ్ళు నీళ్ళలో నానిన షాఫ్టులోకి మళ్ళీ మనుషుల్ని దింపాలంటే ధర ఒక్కటే చాలదు. అందుకే ఇప్పుడు అందరి కళ్ళూ పైనున్న దిబ్బల మీద పడ్డాయి. 3 కోట్ల టన్నులకు పైగా పిండి. టన్నుకి ఒక గ్రాము కూడా ఉండదు, కానీ తవ్వక్కర్లేదు, పొడి చేయక్కర్లేదు, తాతలు ఆ పని చేసిపెట్టారు. ఆ 13 దిబ్బల్ని వేలం వేయడానికి కర్ణాటక క్యాబినెట్ 2024లో సరే అంది.

---

శాన్‌హోసే_అక్క | సోమవారం, రాత్రి 8:55

ఆసక్తిగా చదువుతున్నాను. మేముండేది కాలిఫోర్నియా. రెండేళ్ళ కింద పిల్లల్ని తీసుకుని బోడీ అనే పాడుబడ్డ బంగారం ఊరికి వెళ్ళాం. సియెర్రా కొండల తూర్పున, చెట్టు కనబడని ఎత్తైన మైదానం. 1859లో బోడీ అనే ఆయన అక్కడ బంగారం కనుక్కుని, ఆ చలికాలమే మంచుతుఫానులో చిక్కి చచ్చిపోయాడు. 1870ల చివర్లో అసలు చాలు తగిలాక జనం విరగబడ్డారు. 1880 నాటికి ఏడెనిమిది వేల మందికి పైనే అంటారు. సారా కొట్లు వీధి నిండా. అయిదారేళ్ళు గడిచేసరికి సగం ఊరు ఖాళీ. 1942లో పోస్టాఫీసు కూడా ఎత్తేశారు. ఇప్పుడది పార్కు. ఇళ్ళని బాగుచేయరు, ఇంకా పాడవకుండా మాత్రం చూస్తారు. కిటికీలోంచి చూస్తే బల్ల మీద పళ్ళేలు అట్లాగే దుమ్ము పట్టి ఉన్నాయి. మా చిన్నది "వీళ్ళమ్మ తిట్టలేదా, గిన్నెలు కడగకుండా పోయారు" అంది.

ఒక సరదా సంగతి. 1893 ప్రాంతంలో అక్కడి మిల్లుకి 13 మైళ్ళ దూరం నుంచి కరెంటు తెచ్చారు. మలుపు తిప్పితే కరెంటు బయటికి దూకేస్తుందేమోనని తీగల్ని తిన్నగా లాగారని గైడు చెప్పాడు. కట్టుకథే అయ్యుంటుంది, కానీ బాగుంది.

---

చరిత్ర_చీమ | సోమవారం, రాత్రి 9:18

అక్కయ్యా, మంచి మాట గుర్తు చేశారు. బోడీకి 13 మైళ్ళయితే కేజీఎఫ్‌కి 92! 1902లో కావేరి మీద శివసముద్రం దగ్గర నీళ్ళతో కరెంటు పుట్టించి, దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద గనులకి తెచ్చారు. అప్పటికి ప్రపంచంలో అంత పొడుగు లైను లేదని చెబుతారు. దివాను శేషాద్రి అయ్యర్ పూనుకున్న పని, ఆయన 1901లోనే పోయాడు, వెలుగు చూడలేదు. బెంగుళూరు నగరానికి కరెంటు వచ్చింది 1905లో. అంటే మూడేళ్ళు కేజీఎఫ్ బల్బుల కింద, బెంగుళూరు కిరసనాయిలు దీపాల కింద.

బంగారుపేట నుంచి రైలు 1894కే వచ్చేసింది. మన మనవడు మొన్న ఎక్కిన లైను అదే.

---

రాబర్ట్‌సన్‌పేట_72 | సోమవారం, రాత్రి 9:40

కరెంటు వచ్చింది మిల్లుకీ, బంగళాకీ. లైన్లకి చాలా ఏళ్ళ తర్వాత. ఆ సంగతి కూడా చరిత్రలో రాయప్పా చీమా.

ఇంకొకటి రాయి. 1930లో గని మొత్తం నిలబడిపోయింది. కూలీలందరికీ వేలిముద్రలు తీయాలని దొరలు పట్టుబట్టినారు. బంగారం దొంగతనం ఆపడానికంట. వేలిముద్ర దొంగలకి తీస్తారు, మేము దొంగలమా అని జనం పనికి దిగలేదు. మూడు వారాలు సంగు కూస్తానే ఉంది, ఎవరూ పోలేదు. మా తాత ఆ మూడు వారాల కథ చనిపోయే దాకా చెప్పినాడు.

---

చరిత్ర_చీమ | సోమవారం, రాత్రి 9:52

రాశాను అన్నా. మీరు చెప్పినట్టే.

---

తెల్లారి_రైలు | మంగళవారం, ఉదయం 5:48

రైల్లోంచి రాస్తున్నా, నిలబడి. అక్క చెప్పిన ఊరికీ మా ఊరికీ తేడా ఇదే: అక్కడ గని పోతే జనం పోయినారు. ఇక్కడ గని పోయింది, జనం పోలేదు. 2011 లెక్కల్లో లక్షా అరవై వేలకు పైన. ఎక్కడికి పోతాం? నాలుగు తరాలు. సొంతూరు ఏదంటే ఇదే.

అందుకే రోజూ తెల్లారకముందే మారికుప్పంలో ఎక్కి బెంగుళూరు పోవడం, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరడం. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగు, కాల్ సెంటరు పిల్లలు, నర్సులు, వెల్డర్లు. వేల మంది. సీటు కోసం కర్చీఫు కిటికీలోంచి వేస్తారు. మా తాత భూమిలోకి దిగి వచ్చేవాడు, నేను బెంగుళూరులోకి దిగి వస్తా, షిఫ్టు మాత్రం అంతే.

కుప్పం దాకా కొత్త లైను వేస్తామంటున్నారు ఎన్నేళ్ళుగానో. అది పడితే గుడుపల్లె మనవడు బంగారుపేట చుట్టూ తిరగక్కర్లేదు.

---

అనంత_రాగిసంగటి | మంగళవారం, ఉదయం 10:10

మా రామగిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. ధర్మవరం దగ్గర, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. అక్కడా జాన్ టేలర్ వాళ్ళే 1900ల మొదట్లో గనులు పెట్టి 1927కల్లా కట్టేశారు. మళ్ళీ భారత్ గోల్డ్ మైన్స్ వచ్చి తెరిచింది, 2001లో కేజీఎఫ్‌తో పాటు అదీ పోయింది. మనవడు వాళ్ళ పక్కనే చిగురుగుంట గని కూడా అప్పుడే. అంటే ఊరు పెద్దదా చిన్నదా అని చూడలేదు, ఒకే సంతకంతో మూడు.

జొన్నగిరి వైపు ఇప్పుడు ప్రైవేటువాళ్ళు బంగారం అంటున్నారు. మాకైతే తొలకరి పడితే చాలు, అటు తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళు వాలిపోతారు. టెంట్లు, వంటసామాను, పిల్లలతో సహా. మా మామ ముప్పై ఏళ్ళుగా ప్రతి జూన్‌లో పోతాడు. ఇంతవరకు దొరికింది వడదెబ్బ.

---

సినిమా_సుబ్బడు | మంగళవారం, ఉదయం 10:25

మామకి ఈ ఏడు గొడుగు కొనివ్వండి. సీరియస్‌గా అడుగుతున్నా, అంత లోతు గనిలో సైంటిస్టులు ఏదో ప్రయోగం చేశారని విన్నా. నిజమేనా, అది కూడా సినిమానా?

---

లెక్కల_పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

నిజమే, మొదటిసారి మంచి ప్రశ్న వేశావు. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో, 2.3 కిలోమీటర్ల లోతులో, మన టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, జపాను ఒసాకా వాళ్ళు, ఇంగ్లండు డర్హామ్ వాళ్ళు కలిసి న్యూట్రినోలనే అతి చిన్న కణాల కోసం కాపు కాశారు. పైనుంచి వచ్చే మిగతా కణాలన్నిటినీ అంత రాయి అడ్డుకుంటుంది, న్యూట్రినో ఒక్కటే దూరిపోతుంది. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను ప్రపంచంలో మొదట పట్టుకున్న రెండు చోట్లలో ఇదొకటి. రెండోది దక్షిణాఫ్రికాలో, అదీ బంగారు గనే. 80ల్లో ప్రోటాన్ విరుగుతుందా అని కూడా అక్కడే చూశారు.

అన్నట్టు మనవడు గారి బిళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. కేజీఎఫ్ పద్ధతి రాబర్ట్‌సన్‌పేట అన్న చెప్పాలి, మా సింగరేణిలో అయితే ఇట్లా: దిగేముందు ల్యాంప్ రూములో నీ నంబరు బిళ్ళ ఇచ్చి తల దీపం తీసుకుంటావు. బిళ్ళ అక్కడ కొక్కేనికి వేలాడుతుంది. పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ళ తిరిగిస్తారు. షిఫ్టు అయిపోయాక కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని.

---

రాబర్ట్‌సన్‌పేట_72 | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాకూ అంతే. బెజ్జం కొక్కేనికే.

---

గుడుపల్లె_మనవడు | మంగళవారం, రాత్రి 9:03

అందరికీ థాంక్స్. రెండు రోజుల్లో ఇంత తెలుస్తుందనుకోలేదు.

పంతులుగారు రాసింది అమ్మకి ఫోనులో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది, తాత పని మానేసిన రోజు బిళ్ళ తిరిగి ఇవ్వకుండా నడుముకి కట్టుకుని వచ్చేశాడంట. జీతంలో దానికి కొంత పట్టుకున్నారంట. అవ్వ ఆ డబ్బుల గురించి చాన్నాళ్ళు సాధించిందంట.

ఇప్పుడు అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమి దేవుడి గూట్లో పెడతానంటోంది.

---

రాబర్ట్‌సన్‌పేట_72 | మంగళవారం, రాత్రి 9:11

గూట్లో పెట్టుకోమను. తోమొద్దని చెప్పు తమ్ముడూ, అంకెలు అరిగిపోతాయి.